విదేశాలలో స్వల్పకాలిక వైద్యసేవ: సంకల్పం, అర్హత, బాధ్యత

రోగిని పరామర్శించటం, ఆపదలో ఉన్నవారిని ఆదుకోవటం ఇస్లాం దృష్టిలో గొప్ప పుణ్యకార్యాలు. వైద్యవిద్య నేర్చినవారికి ఈ పుణ్యం సంపాదించుకునే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. అందుచేత వైద్య, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ కళాశాలల్లో చదువుతున్న మన యువతీయువకులలో కొందరు సెలవుల్లో రెండు మూడు వారాలు ఏ ఆఫ్రికా దేశానికో, ఏ శరణార్థి శిబిరానికో వెళ్ళి సేవ చేయాలని కోరుకోవటం సహజమే. వృత్తిలో స్థిరపడిన వైద్యులలోనూ ఈ కోరిక ఉన్నవారున్నారు. ఇటువంటి ప్రయాణాలు ఏర్పాటుచేసే సంస్థలు అనేకం. వాటిలో కొన్ని ధర్మసంస్థలు, కొన్ని విశ్వవిద్యాలయాలకు చెందినవి, మరికొన్ని రుసుము పుచ్చుకుని వ్యాపారంగా నడిపేవి.

కోరిక ఉత్తమమైనదే. అయితే సంకల్పం మంచిదైనంత మాత్రాన పని దానంతటదే మంచిది కాదు. నమాజుకు నియ్యత్ ఎంత అవసరమో, వుజూ కూడా అంతే అవసరం కదా! వైద్యసేవకు కూడా సంకల్పంతో పాటు కొన్ని షరతులున్నాయి. అవి నెరవేరకపోతే సేవ పేరుతో జరిగేది హాని కావచ్చు. ఆ హాని భరించేది సేవకుడు కాదు, నోరులేని పేద రోగి. ఈ షరతులేమిటో, అవి ఎందుకు ఏర్పడ్డాయో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన చరిత్రలో వైద్యసేవ

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) కాలంలోనే క్షతగాత్రుల సేవకు ప్రత్యేకమైన ఏర్పాటు ఉండేది. అస్లమ్ తెగకు చెందిన హజ్రత్ రుఫైదా (రజి) మదీనా మస్జిదులో గుడారం వేసి గాయపడినవారికి చికిత్స చేసేవారు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను ఆ గుడారంలోనే ఉంచారని చరిత్రకారులు రాశారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. రుఫైదా (రజి) చికిత్స తెలిసిన మనిషిగా పేరుపొందిన స్త్రీ. ఉత్సాహం ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ పని అప్పగించలేదు.

ఇమామ్ గజాలీ (మరణం 1111) తన ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా, అంటే సమాజంలో కొందరైనా తప్పక నెరవేర్చవలసిన ఉమ్మడి విధిగా పేర్కొన్నారు. అందరూ ధర్మశాస్త్ర చర్చలవైపే ఎగబడి, ఊళ్ళలో ముస్లిం వైద్యులు కరువైన స్థితిని ఆయన విమర్శించారు. ఫర్జె కిఫాయా అన్న భావనలోనే ఒక కొలమానం ఉంది. అవసరం ఎక్కడ ఉన్నదో అక్కడ, ఆ అవసరం తీరేటంతగా పని జరగాలి. సేవ చేశామన్న తృప్తి సేవకునికి కలిగితే చాలదు.

విదేశ వైద్యసేవకు మన దేశంలో కూడా చెప్పుకోదగిన చరిత్ర ఉంది. 1912లో బాల్కన్ యుద్ధం మొదలైనప్పుడు గాయపడిన తుర్కీ సైనికుల సేవకై డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వాన ఒక వైద్యబృందం 1912 డిసెంబరులో బొంబాయి నుంచి ఓడలో బయలుదేరింది. మౌలానా ముహమ్మద్ అలీ నడిపిన ‘కామ్రేడ్’ పత్రిక ఈ బృందానికై విరాళాలు సేకరించింది. డాక్టర్ అన్సారీ లండన్‌లోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో పనిచేసిన శస్త్రవైద్యుడు. ఆయన కుటుంబానికి హైదరాబాదుతో సంబంధం ఉంది; అన్నలు నిజాం కొలువులో ఉండేవారు. ఈ బృందంలో అలీగఢ్ విద్యార్థులు కూడా ఉన్నారు. వైద్యం చదవని ఆ యువకులు వైద్యుల కింద సహాయకులుగా వెళ్ళారు. బృందం నెలల తరబడి అక్కడే ఉండి 1913లో తిరిగివచ్చింది.

తరువాత 1938లో, జపాను దాడికి గురైన చైనాకు భారత జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపింది. వారిలో షోలాపూరుకు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ చైనా భాష నేర్చుకుని, అక్కడే పనిచేస్తూ 1942 డిసెంబరులో మరణించారు. ఈ రెండు బృందాలలోనూ మూడు లక్షణాలు కనిపిస్తాయి. వైద్యం చేసింది వైద్యులే. అవసరం నిజమైనది. ఉన్నది పని పూర్తయ్యేటంత కాలం.

నేటి రూపాలు

నేడు స్వల్పకాలిక సేవ ముఖ్యంగా నాలుగు రూపాల్లో సాగుతోంది. మొదటిది, విద్యార్థులు కొన్ని వారాలు విదేశీ ఆసుపత్రిలో గడిపే ‘ఎలక్టివ్’. రెండవది, కంటిశుక్లం, గ్రహణం మొర్రి వంటి వాటికై నిపుణులు నిర్వహించే ఆపరేషన్ శిబిరాలు. మూడవది, భూకంపం, తుఫాను, యుద్ధం వంటి ఆపత్సమయాల్లో వెళ్ళే బృందాలు. నాలుగవది, స్థానిక వైద్యసిబ్బందికి శిక్షణ ఇవ్వటం.

మన పాఠకులకు బాగా దగ్గరగా ఉన్న మరో ఉదాహరణ హజ్ వైద్యసేవ. ప్రతి సంవత్సరం భారత ప్రభుత్వం తన వైద్యులను, పారామెడికల్ సిబ్బందిని తాత్కాలిక విధులపై మక్కా, మదీనాలకు పంపుతోంది. 2024లో భారతదేశానికి కేటాయించిన యాత్రికుల సంఖ్య 1,75,025. ఇంతమందిలో వృద్ధులు, షుగర్, గుండెజబ్బులు ఉన్నవారు ఎందరో ఉంటారు. ఇక్కడ ఎంపికకు నియమాలున్నాయి. రోగి భాష తెలిసిన సిబ్బంది ఉంటారు. జబ్బు తీవ్రమైతే సౌదీ ఆసుపత్రికి పంపే ఏర్పాటు ఉంది. కొద్దికాలపు సేవకు ఏయే ఏర్పాట్లు కావాలో ఈ ఉదాహరణ చూస్తే తెలుస్తుంది.

అర్హత లేని చేయి

స్వల్పకాలిక సేవలో మొదటి ప్రమాదం, తన దేశంలో చేయటానికి అనుమతి లేని పనిని పరాయి దేశంలో చేయటం. ఎం.బి.బి.ఎస్. రెండవ సంవత్సరం విద్యార్థి కాన్పు చేయటం, నర్సింగ్ విద్యార్థి మందులు రాయటం, డిగ్రీ చదివే కుర్రవాడు కుట్లు వేయటం ఇటువంటివి. “అక్కడ డాక్టర్లు లేరు కదా, ఏదీ లేకపోవటం కంటే ఇది మేలు కదా!” అని సమర్థించేవారున్నారు. ఈ వాదం సరికాదు. తప్పుడు మోతాదు మందు, అశుభ్రమైన సూది ‘ఏదీ లేకపోవటం’ కంటే మేలు కావు. అంతకంటే ఎంతో కీడు.

మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేసినవారికి ఒక సంవత్సరం వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇంటిదగ్గర నేరమైన పని సముద్రం దాటగానే సేవ ఎలా అవుతుంది? పేదవాని శరీరం మన శరీరం కంటే తక్కువ విలువైనదా?

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ విషయాన్ని శతాబ్దాల క్రితమే తేల్చింది. వైద్యజ్ఞానం ఉన్నట్లు పేరులేనివాడు వైద్యం చేసి హాని కలిగిస్తే అందుకు అతడే బాధ్యుడన్న భావంగల హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాలలో ఉంది. దీన్ని ఆధారం చేసుకుని ధర్మవేత్తలు వైద్యుని బాధ్యతను విభజించి చూపారు. అర్హత కలిగి, రోగి లేక అతని సంరక్షకుని అనుమతితో, వృత్తి నియమాల ప్రకారం చికిత్స చేసిన వైద్యుడు ఫలితం చెడినా బాధ్యుడు కాడు. అర్హత లేనివాడు మాత్రం నష్టపరిహారానికి బాధ్యుడు. స్వయంగా వైద్యుడైన ఇబ్నె రుష్ద్ (మరణం 1198), హాఫిజ్ ఇబ్నె ఖయ్యిమ్ (మరణం 1350) ఇద్దరూ దీన్ని చర్చించారు. ఇక్కడ ‘నేను పుణ్యానికే చేశాను’ అన్న మాట బాధ్యతను రద్దు చేయదు.

ఇది ఊహించిన ప్రమాదం కాదు. ఉగాండాలోని జింజా పట్టణంలో వైద్యవిద్య లేని ఒక అమెరికన్ యువతి నడిపిన పోషకాహార కేంద్రంలో 2010, 2015 సంవత్సరాల మధ్య నూరుమందికి పైగా పిల్లలు మరణించారు. 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకెక్కారు. 2020లో, తప్పు ఒప్పుకోకుండానే, పరిహారంతో రాజీ కుదిరింది. పోషణలోపంతో చిక్కిశల్యమైన బిడ్డకు ఆహారం, సెలైన్ ఇవ్వటం పైకి సులభంగా కనిపిస్తుంది. నిజానికి అది చాలా సున్నితమైన పని. ఆ బిడ్డ గుండె బలహీనంగా ఉంటుంది. సెలైన్ తొందరగా ఎక్కిస్తే అది తట్టుకోలేదు. ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పెడితే రక్తంలోని లవణాల సమతూకం చెడి ప్రాణం పోవచ్చు. వైద్యం తెలియటం అంటే ఇటువంటివి తెలియటం.

విద్యార్థికి చేయదగిన పని లేదని కాదు. పర్యవేక్షకుడు పక్కన ఉండగా, తన కళాశాలలో ఏయే పనులకు అనుమతి ఉందో వాటివరకే చేయవచ్చు. చూసి నేర్చుకోవచ్చు. రికార్డులు రాయవచ్చు, బరువు, బి.పి. చూడవచ్చు, మందుల నిల్వలు సరిచూడవచ్చు. అమెరికా వైద్య కళాశాలల సంఘం 2011లో విడుదల చేసిన మార్గదర్శకాల సారాంశం ఇదే. “నాకు ఇది రాదు” అని చెప్పగలగటం వైద్య విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠం.

రెండు వారాలలో ఏది సాధ్యం?

కొన్ని జబ్బులు కొద్దిరోజుల సేవకు లొంగుతాయి, కొన్ని లొంగవు. కంటిశుక్లం మొదటి రకానికి ఉదాహరణ. ఆపరేషను కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, చూపు తిరిగి వస్తుంది. 1981లో ఏర్పడిన ఇస్లామీయ వైద్య సంఘాల సమాఖ్య (ఫిమా) ఆఫ్రికా దేశాలలో శుక్లాల శిబిరాలు నిర్వహించటానికి ఇదే కారణం. అయినప్పటికీ ఆపరేషనుతో పని ముగియదు. కొన్ని వారాలపాటు చుక్కల మందు వేసుకోవాలి. కంటిలోపల చీము పడితే గంటల్లో గుర్తించాలి, లేకపోతే ఉన్న చూపూ పోతుంది. కొందరికి నెలల తరువాత, కటకం వెనుకనున్న పొర మసకబారి లేజరు చికిత్స అవసరమవుతుంది. విమానం ఎక్కి వచ్చేసిన వైద్యుడు ఇవేవీ చూడలేడు. కనుక అక్కడి కంటివైద్యుడెవరో, రోగుల పట్టిక ఎవరి దగ్గర ఉంటుందో బయలుదేరకముందే తేల్చుకోవాలి.

మధుమేహం, రక్తపోటు రెండవ రకం. శిబిరానికి వచ్చినవారికి బి.పి. చూసి, పదిహేను రోజుల మాత్రలు చేతిలో పెట్టి పంపితే పదహారవ రోజున వారి గతి ఏమిటి? కొన్ని రకాల బి.పి. మందులు హఠాత్తుగా మానేస్తే రక్తపోటు మునుపటికంటే పెరిగే ప్రమాదం ఉంది. ఇటువంటి జబ్బులకు కావలసింది ఊరిలోనే ఉండే ఆరోగ్య కార్యకర్త, ప్రతి నెలా మందు దొరికే దుకాణం. వీటిని ఏర్పరచటానికి తోడ్పడటమే అసలైన సేవ.

అంతేకాదు, అతిథి సేవకులు ఆతిథేయులకు భారం కావచ్చు. వారి వసతి, భోజనం, రవాణా, అనువాదం అన్నీ స్థానిక ఆసుపత్రి చూసుకోవాలి. రెండు వారాలు అనువాదానికి వచ్చే నర్సు తన వార్డులో ఉండదు. ఉచిత శిబిరం వస్తున్నదని రోగులు చికిత్స వాయిదా వేసుకుంటే, ఏడాది పొడుగునా పనిచేసే స్థానిక వైద్యుని జీవనం దెబ్బతింటుంది. అందుచేతనే 2010లో వెలువడిన అంతర్జాతీయ ఆరోగ్య శిక్షణకు సంబంధించిన నైతిక మార్గదర్శకాలు, 2018లో అమెరికా వైద్యుల కళాశాల ప్రకటించిన విధానపత్రం, ఇరుపక్షాల భాగస్వామ్యంపైనా, స్థానికుల అవసరాలకు ప్రాధాన్యం ఇవ్వటంపైనా దృష్టి పెట్టాయి.

మందుల మూటలు

“వెళుతున్నాం కదా, మందులు తీసుకువెళదాం” అనుకోవటం సాధారణం. ఇందులోనూ జాగ్రత్త అవసరం. బోస్నియా యుద్ధకాలంలో, 1992 నుంచి 1996 మధ్య వరకు, ఆ దేశానికి చేరిన మందుల విరాళాల్లో సుమారు 17,000 టన్నులు పనికిరానివని పరిశోధకులు అంచనా వేశారు. వాటిని సురక్షితంగా కాల్చివేయటానికి కోట్ల డాలర్లు కావలసి వచ్చింది. 2004 డిసెంబరు సునామీ తరువాత ఇండోనేషియాలోని అచే రాష్ట్రానికి, ఇరవై లక్షలలోపు జనాభాకు, దాదాపు 4,000 టన్నుల మందులు వచ్చిపడ్డాయి. వాటిలో 60 శాతం ఆ దేశపు అత్యవసర మందుల జాబితాలో లేనివి. 70 శాతం మందులపై స్థానికులు చదవలేని పరాయి భాష. పంపినవారిలో ఎందరో భక్తితో, దయతో పంపినవారే. అయినా గిడ్డంగులు నిండాయి కాని రోగి అవసరం తీరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు సూటిగా ఉన్నాయి. అడిగిన మందునే పంపాలి. అది ఆ దేశపు జాబితాలో ఉండాలి. చేరేనాటికి కనీసం ఒక సంవత్సరం గడువు మిగిలి ఉండాలి. ఇంట్లో మిగిలిన మాత్రలు, వైద్యులకు ఉచితంగా వచ్చిన శాంపిళ్ళు విరాళం కావు. మనం తినని భోజనాన్ని సదఖాగా ఇవ్వటం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ఆపత్సమయంలో

భూకంప వార్త వినగానే బ్యాగు సర్దుకుని బయలుదేరాలనిపిస్తుంది. 2010 జనవరిలో హైతీ భూకంపం తరువాత అలా వందలాది బృందాలు చేరాయి. ఎవరు అర్హులో, ఎవరు ఎక్కడ ఏ ఆపరేషను చేశారో చూసే ఏర్పాటు కొరవడింది. ఆ అనుభవంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో విదేశీ వైద్యబృందాలకు వర్గీకరణ, కనీస ప్రమాణాలు నిర్ణయించి, 2021లో వాటిని సవరించింది. స్థిరంగా ఒకచోట పనిచేసే మొదటి తరగతి బృందం రోజుకు కనీసం 100 మంది బయటిరోగులను చూడగలగాలి. రెండవ తరగతి బృందం 20 పడకలతో, రోజుకు కనీసం 7 పెద్ద లేక 15 చిన్న ఆపరేషన్లు చేయగలగాలి. తమ తిండి, నీరు, విద్యుత్తు తామే తెచ్చుకోవాలి.

2023 ఫిబ్రవరి 6న తుర్కీలో భూకంపం వచ్చినప్పుడు మన సైన్యపు 60 పారా ఫీల్డ్ ఆసుపత్రి నుంచి 99 మంది బృందం హతాయ్ రాష్ట్రంలోని ఇస్కెందరున్‌లో 30 పడకల ఆసుపత్రి నెలకొల్పి, రెండు వారాలలోపే సుమారు 3,600 మందికి చికిత్స చేసింది. ప్రభుత్వాల అంగీకారం, పూర్తి సామగ్రి, ముందుగానే పొందిన శిక్షణ ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. ఒంటరిగా బయలుదేరిన వ్యక్తి, ఎంత నేర్పరి అయినా, అక్కడ మరొక తిండిపళ్ళెం మాత్రమే.

రోగి గౌరవం

రోగి రహస్యం అమానత్. పరాయి దేశపు పేదవాడైనంత మాత్రాన ఆ అమానత్ తేలిక కాదు. చికిత్స ఏమిటో, ప్రమాదం ఏమిటో అతని భాషలో చెప్పి అంగీకారం తీసుకోవాలి. తల్లి జబ్బు గురించి పదేళ్ళ బిడ్డ చేత అనువాదం చేయించరాదు. స్త్రీలకు వీలైనంతవరకు స్త్రీ వైద్యులను, తెర చాటును ఏర్పాటు చేయాలి. రోగుల ఫొటోలు తీసి పదిమందికి చూపించటం నేడు పెద్ద జాడ్యమైంది. మన ఊరి ఆసుపత్రిలో మన చెల్లెలి ఫొటోను ఒక విదేశీ విద్యార్థి తీసి ప్రచారం చేస్తే మనం సహిస్తామా? ఇక ప్రదర్శనబుద్ధి (రియా) సత్కార్యాన్ని ఎలా తినివేస్తుందో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

సేవకుని ఆరోగ్యం

తాను జబ్బుపడిన సేవకుడు ఇతరుల మంచం ఆక్రమిస్తాడు. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు పూర్తికావటానికి మామూలుగా ఆరు నెలలు పడుతుంది కనుక ముందుగా మొదలుపెట్టాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలకు వెళ్ళేవారు కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకుని ధ్రువపత్రం పొందాలి. 2016 జూలై నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగివచ్చేవారిని మన విమానాశ్రయాల్లోనే ఆపి విడిగా ఉంచవచ్చు. మలేరియా నివారణ మాత్రల గురించి వైద్యుని అడగాలి. రోగి రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే హెచ్.ఐ.వి. నివారణ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలలోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అవి అక్కడ దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి.

బయలుదేరేముందు వేసుకోవలసిన ప్రశ్నలు

1. నన్ను పిలిచినవారెవరు? స్థానిక ఆసుపత్రి అడిగిందా, లేక నా రుసుముపై బతికే సంస్థ పిలుస్తున్నదా?

2. ఆ దేశపు వైద్యమండలి తాత్కాలిక అనుమతి, తగిన వీసా నాకు ఉన్నాయా? పర్యాటక వీసాపై వెళ్ళి వైద్యం చేయటం మాటతప్పటమే కాక చట్టవిరుద్ధం కూడా.

3. నేను చేయబోయే పనిని నా దేశంలో, నా అర్హతతో చేయనిస్తారా? అక్కడ నా తప్పును సరిదిద్దే పెద్దలెవరు?

4. నేను వచ్చేసిన తరువాత నా రోగిని చూసేదెవరు?

5. నా ప్రయాణ ఖర్చుకు సరిపడే సొమ్ము ఆ ఆసుపత్రికే పంపితే ఎక్కువ మేలు జరుగుతుందా? ప్రజల విరాళంతో వెళ్ళేవారు ఈ ప్రశ్నను రెట్టింపు జాగ్రత్తతో వేసుకోవాలి. జకాత్ సొమ్ము విషయం ఉలమాలను సంప్రదించకుండా నిర్ణయించరాదు.

వీటికి తృప్తికరమైన జవాబులు దొరికితే నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. దొరకకపోతే ఆగటమే సేవ.

ఇక చివరగా, వెళ్ళి చేయటం కంటే నేర్పి రావటం మేలైన మార్గం. మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ లైబీరియా రాజధాని మన్రోవియాలో అక్కడి ఆసుపత్రితో కలిసి కంటివైద్య కేంద్రం ఏర్పాటుకు తోడ్పడింది. ఇటువంటి పనిలో అతిథి వెళ్ళిపోయినా వైద్యం మిగులుతుంది. విదేశం వెళ్ళే స్తోమత లేనివారు చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు. ఆదిలాబాదు గూడేలలోనూ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో బాధపడే పల్లెలలోనూ, హైదరాబాదు పాతబస్తీ గల్లీలలోనూ రోగులున్నారు. వారి భాష మనకు వచ్చు. వచ్చే నెల మళ్ళీ వెళ్ళి వారిని చూడవచ్చు. ఫర్జె కిఫాయా గడప దగ్గరే మొదలవుతుంది. అక్కడ నేర్చిన ఓర్పు, అణకువ, క్రమశిక్షణ ఉన్నవారే దూరదేశంలోనూ రోగికి నిజంగా ఉపయోగపడతారు. మన యువ వైద్యులకు అల్లాహ్ మంచి సంకల్పంతో పాటు, దానికి తగిన జ్ఞానాన్నీ, తన హద్దు తెలుసుకునే వివేకాన్నీ ప్రసాదించుగాక!